జమీందారు అంటే మేడ ఉన్నోడు కాదంట

గుర్గావ్‌లో ఉన్నప్పుడు నాకొక రూమ్మేట్ ఉండేవాడు, హర్యానాలో రోహ్‌తక్ పక్కన పల్లెటూరోడు. మొదటిరోజు మెస్సులో మీ ఇంట్లో ఏం చేస్తారు భాయ్ అంటే "మేము జమీందార్లం" అన్నాడు, అదేదో పెద్ద విషయం కానట్టు. నాకేమో జమీందారు అంటే బొబ్బిలి, విజయనగరం, కోటలు, పల్లకీలు. మా అనంతపురం వైపు ఆ బాపతోళ్ళు తక్కువ కదా, మన్రో దొర కలెక్టరుగా ఉన్న కాలం నుంచి రైత్వారీనే, అంటే రైతే నేరుగా సర్కారుకి పన్ను కట్టేది, మాకు పాలెగాళ్ళ కథలున్నాయి గానీ జమీందార్ల కథల్లేవు. సరే వీడు బాగా ఉన్నోడు అనుకోని మూడు నెలలు టీ డబ్బులు వాడితోనే కట్టించినా. దీపావళికి వాళ్ళ ఊరికి పోతే అప్పుడు తెలిసింది, నాలుగెకరాల గోధుమ చేను, రెండు బర్రెలు, బ్యాంకులో అప్పు. ఆ పక్క జమీందారు అంటే తన చేను తాను దున్నుకునేవాడు, అంతే. ఆ లెక్కన మా నాయన కూడా జమీందారే, ఈ మాట ఆయనకి చెప్తే రెండు రోజులు నవ్వినాడు.

వాళ్ళింట్లో గోడకి ఒక ఫోటో ఉంది, తలపాగా, మీసాలు, కోటు. ఎవరప్పా మీ తాతనా అంటే అందరూ నన్ను వింతగా చూసినారు. ఆయనే సర్ ఛోటూరామ్, దొరల కాలం పంజాబ్‌లో రైతుల కోసం చట్టాలు తెప్పించిన నాయకుడు. మన దగ్గర పేరు కూడా సరిగా వినని మనిషి, ఆడ మాత్రం దేవుని ఫోటో పక్కనే ఉంటాడు. 2018లో ఛోటూరామ్ సొంతూర్లో 64 అడుగుల విగ్రహం ప్రధాని వచ్చి ఆవిష్కరించినాడు. విగ్రహాల సంగతి నాకు పెద్ద పట్టదు గానీ ఈయన చేయించిన చట్టాల గురించి చదివినాక మాత్రం, ఈ మనిషికి మా మండీల సంగతి ఎట్ల తెలుసబ్బా అనిపించింది, అందుకే ఇది రాస్తున్నా.

పుట్టింది 1881 నవంబర్ 24న, అప్పటి పంజాబ్‌లో రోహ్‌తక్ జిల్లా గఢీ సాంప్లాలో. అసలు పేరు రామ్ రిఛ్‌పాల్, ఇంట్లో చిన్నోడు కాబట్టి ఛోటూ అని పిలిస్తే అదే బడి రిజిస్టర్‌లోకి ఎక్కింది. పది ఎకరాల దాకా మెట్ట చేను, దానికి తోడు తాత వదిలిపోయిన అప్పులు. ఒక కథ చెప్తారు ఆయన గురించి. పై చదువుకి డబ్బు కావాలని తండ్రీకొడుకులు సాంప్లాలో సావుకారి అంగడికి పోయినారంట, సావుకారి పక్కన వాళ్ళ కొడుకు ఖాళీగా కూర్చోని ఉన్నాడు, అయినా ఆయన పంకా తాడు తీసి ఈ ముసలి రైతు చేతికిచ్చి లాగమన్నాడంట. అప్పు కోసం వచ్చిన మనిషి కదా, లాగుతాడులే అని. పిల్లోడికి మండిపోయింది, నీ కొడుకు ఉండగా మా నాయనతో లాగిస్తావా అని అడిగేసినాడంట.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం పంకా కాదు, బల్ల. మా చీనీకాయలు వేసుకోని పోయినప్పుడు ఒక మండీలో మా నాయన పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నిలబడే ఉన్నాడు, బల్ల ఖాళీగానే ఉంది, కూర్చో నాయనా అంటే "వద్దులేరా, వాళ్ళు పిలుస్తారు" అన్నాడు. అదే మనిషి ఊర్లో ఎవరి ముందూ లేచి నిలబడడు.

మళ్ళీ కథలోకి. ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో 1905లో బీఏ, ఆగ్రాలో లా, 1912 నుంచి రోహ్‌తక్‌లో వకీలు. చదువుకి డబ్బు సాయం చేసింది సేఠ్ ఛాజూరామ్ అని కలకత్తాలో జనపనార వ్యాపారం చేసిన ఆయన. అంటే జీవితమంతా వ్యాపారుల మీద చట్టాలు తెచ్చిన మనిషి చదువుకుంది ఒక వ్యాపారి డబ్బుతో! 1916లో జాట్ గెజిట్ అని ఉర్దూలో వారపత్రిక పెట్టినాడు, జాట్లు అంటే ఆ పక్క సేద్యం చేసే కులం, ఈయనదీ అదే. మొదట్లో కాంగ్రెస్‌లోనే ఉన్నాడు, రోహ్‌తక్ జిల్లా అధ్యక్షుడు కూడా, 1920లో సహాయ నిరాకరణ నచ్చక బయటికొచ్చేసినాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో దొరలకి సైన్యంలోకి మనుషుల్ని చేర్పించి ఇచ్చినాడు, తర్వాత సర్ బిరుదు తీసుకున్నాడు, అందుకే మన స్కూలు పుస్తకాల్లో ఆయనకి చోటు దొరకలేదేమో అని నా అనుమానం. 1923లో పంజాబ్ నాయకుడు ఫజ్లీ హుసేన్‌తో కలిసి యూనియనిస్ట్ పార్టీ. హిందూ, ముస్లిం, సిక్కు రైతులంతా ఒక పక్క, మతం ఇంటి దగ్గర పెట్టి రండి అన్నట్టుగా. 1937లో ఆ పార్టీ గెలిస్తే సికందర్ హయాత్ ఖాన్ ప్రభుత్వంలో అభివృద్ధి శాఖ మంత్రి అయినాడు.

ఇంక చట్టాలు. 1934 నాటి అప్పుల ఊరట చట్టం వచ్చేటప్పటికి ఆయన మంత్రి కాదు, కౌన్సిల్లో కూర్చోనే దాని కోసం కొట్లాడినాడు. అసలుకి రెండింతలు ఎప్పుడో కట్టేసిన రైతు ఇంక బాకీ లేనట్టే. పాడి పశువుల్ని, బండిని జప్తు చేసుకోకూడదు. అప్పు తగాదాలు తెంచడానికి బోర్డులు. 1938లో వడ్డీ వ్యాపారుల రిజిస్ట్రేషన్, ఇది చూడ్డానికి చిన్న చట్టమే గానీ నాకు బాగా నచ్చింది ఇదే, లైసెన్స్ లేనోడు కోర్టులో దావా వేయలేడు అంతే. అప్పు ఇవ్వద్దు అనలేదు, జైల్లో పెడతా అనలేదు, ప్రామిసరీ నోటు చేతిలో ఉన్నా దాన్ని కోర్టు చూడదు అన్నాడు. వకీలు బుర్ర కదా. అదే ఏడాది తాకట్టు భూముల చట్టం, 1901 జూన్ 8కి ముందు తాకట్టులోకి పోయి ఇంకా అట్లే ఉన్న పొలాలు రైతుకి తిరిగి ఇప్పించేది. ఆ తేదీ ఎందుకంటే భూములు వ్యాపారుల చేతికి పోకుండా దొరలు చేసిన చట్టం అమల్లోకొచ్చిన రోజు అది, అంతకుముందు పోయినవాటికి ఏ దిక్కూ లేదు. దాదాపు నలభై ఏండ్లు పొలం ఫలసాయం తిన్నావు, నీ అప్పు ఎప్పుడో చెల్లిపోయింది దిగిపో అన్నట్టు లెక్క.

1939లో మార్కెట్ల చట్టం. మండీలో రైతు సరుకు మీద కమీషన్ వేరే, తూకం కూలి వేరే, హమాలీ వేరే, గుమాస్తా ఖర్చు వేరే, గోశాలకని ధర్మం వేరే, అన్నీ రైతు సొమ్ములోంచే. ధర్మం చేసేది రైతు, పుణ్యం సావుకారికి! దీనికి మార్కెట్ కమిటీలు పెట్టి అందులో మూడింట రెండు వంతులు పండించేవాళ్ళే ఉండాలన్నాడు. చట్టసభలో దీని మీద పెద్ద గొడవే జరిగిందంట, లక్షాధికారి పక్కన పైసల విలువ లేని రోహ్‌తక్ జాట్ వచ్చి కూర్చుంటాడా అని ఎదుటోళ్ళు ఎగతాళి చేసినారని ఇప్పటికీ ఆ ఊళ్ళల్లో చెప్పుకుంటారు. ఆయనకి కావాల్సింది కూడా సరిగ్గా అదేనేమో, పక్కన కూర్చోడం. 1941లో తూనిక రాళ్ళ మీద ఇంకొక చట్టం. రైతులు వీటిని బంగారు చట్టాలు అన్నారు, వ్యాపారులు నల్ల చట్టాలు అన్నారు.

మనకి లేవా అంటే ఉన్నాయి, అదే కదా నా బాధ. మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం 1933లోనే వచ్చింది, పంజాబ్ కంటే ముందు. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ ఊరట చట్టం చేసింది, అందులోనూ రెండింతలు కట్టినోడి అప్పు పూర్తిగా తీరినట్టే అని ఉంది, అప్పుడు అనంతపురం, కర్నూలు, కడప అన్నీ మద్రాసులోనే కదా. తర్వాత 1966లో మన మార్కెట్ల చట్టం. కాగితం మీద మనం వెనకబడింది ఏమీ లేదు. కానీ ఆ మండీలో మా టన్ను కాయ మీద సూటు అని కొంత కోసుకున్నారు, అదేంది అంటే పాత పద్ధతి అన్నారు, తర్వాత కమీషన్, హమాలీ, చివరికి ఒక తెల్ల చీటీ మీద అంకె. నేను ఇంజనీరింగ్ చదివినా, ఆ అంకె ఎట్లొచ్చిందో నాకు అర్థం కాలేదు, నాయన అడగొద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు, మళ్ళీ వచ్చే కోతకి ఈ గడపకే రావాల కదా.

ఛోటూరామ్‌ని దేవుణ్ణి చేసేదానికి మాత్రం నాకు మనసొప్పదు. దొరల ఆ భూముల చట్టం కింద వ్యవసాయ కులాలు అని లిస్టు ఒకటి ఉండేది, ఆ కులాల రైతుల భూమి కొనే హక్కు ఆ లిస్టులో ఉన్నోళ్ళకే, పొలాల్లో కూలి చేసిన దళితుల పేర్లు అందులో లేవు, వాళ్ళ కోసం ఛోటూరామ్ చట్టాల్లో పెద్దగా ఏమీ లేదు. పైగా సావుకారి పోయిన చోట పెద్ద రైతే వడ్డీకి ఇచ్చేవాడు అయినాడు, అతనూ అదే కులం కాబట్టి పొలం రాయించుకోడం ఇంకా సులువు. మా ఊర్లో కూడా ఇప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేది కోమటి కాదు, మా లాంటి రైతే, నాలుగు లారీలు ఉన్నోడు. దీని గురించి రూమ్మేట్‌తో వాదన పెట్టుకుంటే రెండు రోజులు మాట్లాడలేదు.

ఛోటూరామ్ చివరి పని సట్లెజ్ నది మీద భాక్రా డ్యామ్. ఆనకట్ట కడితే మునిగేది ఇప్పటి హిమాచల్‌లోని బిలాస్‌పూర్ సంస్థానం నేల, ఆ రాజుతో ఏండ్ల తరబడి మాట్లాడి ఒప్పందం కుదిర్చి 1945 జనవరి 9న లాహోర్‌లో చనిపోయినాడు. డ్యామ్ పూర్తయి నెహ్రూ జాతికి అంకితం చేసింది 1963లో. రోహ్‌తక్ వాళ్ళు నీళ్ళ గురించి చెప్తారు, బిలాస్‌పూర్ వాళ్ళనడిగితే మునిగిన ఊరి గురించి చెప్తారు, శ్రీశైలం కింద ఊళ్ళు పోగొట్టుకున్న కర్నూలోళ్ళకి ఇది నేను చెప్పాల్సిన పనిలేదు.

పోయిన వారం ఊరికి పోయినప్పుడు రాత్రి అరుగు మీద కూర్చోని ఇదంతా నాయనకి చెప్పినా. పంకా కథకి ఏమీ అనలేదు, మార్కెట్ కమిటీకి ఊఁ కొట్టినాడు, రెండింతల దగ్గర మాత్రం "ఆగు, మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పినా. బోరు కోసం పదకొండేండ్ల కింద తెచ్చిన లక్ష ఉంది మాకు, వడ్డీ మాత్రమే కట్టుకుంటూ వస్తున్నాం. వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టినాడు, నెలకి రెండు వేలు, ఏడాదికి ఇరవైనాలుగు, ఎనిమిదేండ్ల నాలుగు నెలలకి రెండు లక్షలు.

"అంటే రెండున్నరేండ్లుగా నేను ఊరికే కడతాండానా?"

నేనేం చెప్పలేదు. కొంచేపటికి లోపలికి కేకేసినాడు, "ఏమే, ఆ నోటు నకలు యాడ పెట్టినావు?"