డొమైన్ పేరు చూసే టూల్: ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్, నాలుగో చిత్తు

ఆత్రేయపురం పూతరేకుల కొట్టుకి వెబ్‌సైట్ పేరు ఎవరైనా తీసుకున్నారేమో చూడమంటే ఏజెంట్ (చెప్పిన పనిని టూళ్లతో చేసే ఏఐ ప్రోగ్రామ్) ఒక్క పేరుతో ఆగదు. ఇంగ్లీషులో ‘పూ’ని యూతో రాసేవాళ్లున్నారు, రెండు ఓలతో రాసేవాళ్లున్నారు. ‘త’కి హెచ్ తగిలించేవాళ్లు కొందరు, వదిలేసేవాళ్లు కొందరు. అవే నాలుగు వరసలు. డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ షాప్ మూడింట్లోనూ చూస్తే 12 ప్రశ్నలు. అందుకే ఈ చిత్తు నుంచి టూల్ పేర్ల జాబితానే తీసుకుంటుంది, ఒక పిలుపుకి 20 దాకా.

లోపలి పని చిన్నదే. ఏ టీఎల్‌డీకి (డాట్ కామ్ లాంటి చివరి ముక్కకి) ఏ ఆర్‌డీఏపీ సర్వరో (నమోదు వివరాలు చెప్పే సర్వరో) తెలిపే జేసన్ ఫైల్‌ని, అంటే బూట్‌స్ట్రాప్ ఫైల్‌ని, టీఎల్‌డీల మూల జాబితా చూసుకునే ఐయానా సంస్థ ప్రచురిస్తుంది. దాన్ని రోజుకోసారి తెచ్చి దాచుకుంటే చాలు. సర్వర్ చిరునామాకి ‘డొమైన్’, దాని తర్వాత పేరు కలిపి గెట్ (‘ఇది ఇవ్వు’ అనే వెబ్ అభ్యర్థన) పంపాలి. జవాబు కోడ్ 200 వస్తే నమోదైంది. 404 వస్తే ఆ రిజిస్ట్రీ (ఆ టీఎల్‌డీలో పేర్ల నమోదు చూసే సంస్థ) దగ్గర రికార్డు లేదు. 429 వస్తే మన తొందర ఎక్కువైంది: రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అంతసేపు, లేకపోతే 2, 4, 8 సెకన్లు ఆగి మళ్లీ అడగాలి. ఒక్కో సర్వర్‌కి సెకనుకి ఒక ప్రశ్న మించకపోతే ఈ గొడవ చాలావరకు రాదు. పోర్ట్ 43 హూయిజ్‌ని (నమోదు వివరాలు అడిగే పాత పద్ధతిని) నమ్ముకున్న పాత కోడ్ తీసేశాం. జెనెరిక్ టీఎల్‌డీలకి (డాట్ కామ్, డాట్ షాప్ లాంటి, దేశాలవి కానివాటికి) హూయిజ్ నడపాల్సిన బాధ్యత 2025 జనవరి 28తో పోయింది.

అసలు తిప్పలు రాతలోనే. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏఐ మోడల్‌కి టూళ్లని తగిలించే పద్ధతిలో) మోడల్‌కి అందేది టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది). రీడ్‌మీ (మనుషుల కోసం రాసే పరిచయ ఫైల్) ఎంత ముచ్చటగా రాసినా అది దాని కంట పడదు. మొదటి చిత్తులో జవాబు ‘ఖాళీ: అవును/కాదు’ అని ఉండేది. సర్వర్ పలకకపోతే ఆ గడి ఉత్తిదిగా వెళ్లేది, ఏజెంట్ దాన్ని ‘పేరు దొరుకుతుంది’ అని చదివేసేది. ఇప్పుడు జవాబులు మూడే: ‘నమోదైంది’, ‘రికార్డు లేదు’, ‘తెలియదు’. మూడోదానికి కారణం తప్పనిసరి. ‘ఖాళీ’ అన్న మాటే ఎక్కడా లేదు. ప్రస్తుత వివరణ ఇది:

“రిజిస్ట్రీని అడిగి పేరు నమోదైందో లేదో చెబుతుంది. కొనదు, ధర చెప్పదు. ‘రికార్డు లేదు’ అంటే కొనవచ్చని హామీ కాదు. రిజిస్ట్రీ అట్టిపెట్టుకున్న పేర్లకీ ప్రీమియం పేర్లకీ ఇదే జవాబు రావచ్చు. ‘తెలియదు’ వస్తే వాడుకరికి అదే చెప్పు, ఊహించకు.”

చివరి రెండు మాటలు, ‘అదే చెప్పు, ఊహించకు’, తీసేస్తే మళ్లీ పాత కథే. కాబట్టి అవి కదలవు.

డీఎన్‌ఎస్‌ని (పేరుకి తగిన సర్వర్ చిరునామా చెప్పే వ్యవస్థని) అడిగితే త్వరగా తేలుతుంది కదా అని చాలామంది అంటారు. అక్కడ ఆ పేరుకి నేమ్‌సర్వర్లు (దాని చిరునామాలు చెప్పే సర్వర్లు) కనిపిస్తే నమోదైనట్టే, అంతవరకు నిజం. తిరగేస్తే చెల్లదు. రేవులో పడవ కనిపించనంత మాత్రాన ఊళ్లో పడవ లేదనలేం. హోల్డ్‌లో పెట్టిన (పని చేయకుండా ఆపిన) పేరూ, గడువు దాటి 30 రోజుల రిడెంప్షన్‌లోనో (పాత యజమాని తిరిగి తీసుకునే వీలున్న దశలోనో) ఆపై 5 రోజుల పెండింగ్ డిలీట్‌లోనో (చెరిపేసే ముందు దశలోనో) ఉన్న పేరూ డీఎన్‌ఎస్‌లో కనిపించవు. రిజిస్ట్రీలో మాత్రం ఉంటాయి.

ఏజెంట్లు పంపే ఇన్‌పుట్ ఇంకో రకం. ముందు మూడు డబ్ల్యూలతో సహా పూర్తి లింక్ పడేస్తాయి. దాన్ని అలాగే అడిగితే కొన్ని సర్వర్లు 404 ఇస్తాయి, నమోదైన పేరు కూడా లేనట్టే తేలుతుంది. పబ్లిక్ సఫిక్స్ జాబితా (ఏ చివరి ముక్కల కింద పేర్లు నమోదవుతాయో చెప్పేది) చూసి అదనపు ముక్కలు కత్తిరించాలి, లేకపోతే డాట్ కో డాట్ ఇన్ దగ్గర తప్పుతుంది.

తెలుగు పేర్లకి డాట్ భారత్ ఉంది. ఇక్కడ కనిపించని గొయ్యి ఒకటి. నరసాపురం అల్లికల కోసం ‘లేస్‌పార్క్’ అని టైప్ చేస్తే ‘స్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని అక్షరం), యూనికోడ్ 200సీ, ఉంటుంది. పైథాన్‌లో ముందే ఉండే ఐడీఎన్‌ఏ కోడెక్ (ఇంగ్లీషు కాని పేర్లని డొమైన్ రూపంలోకి మార్చేది) 2003 నాటి నియమాలది. ఆ అక్షరాన్ని చప్పుడు చేయకుండా మింగేసి ‘లేస్పార్క్’ని అడుగుతుంది. అడిగిన పేరొకటి, జవాబు మరోదానికి. విడిగా దొరికే ఐడీఎన్‌ఏ ప్యాకేజీ 2008 నియమాలు పాటిస్తుంది, పొల్లు తర్వాత ఆ అక్షరాన్ని ఉంచుతుంది. ఆ పేరుని నమోదుకి ఒప్పుకోవడం, మానడం రిజిస్ట్రీ ఇష్టం. అందుకే జవాబులో ఇచ్చిన పేరూ, నిజంగా అడిగిన ప్యూనీకోడ్ రూపమూ (తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో రాసేది) రెండూ వెళ్తాయి. ప్యూనీకోడ్‌లో ఒక్కో ముక్క 63 అక్షరాలు దాటకూడదు, పొడవాటి కొట్టు పేర్లు ఇక్కడే ఇరుక్కుంటాయి.

పరీక్షలు మూడు. ఎగ్జాంపుల్ డాట్ కామ్‌కి ‘నమోదైంది’ రావాలి. డాట్ కామ్‌లో 40 అక్షరాల అర్థంలేని పేరుకి ‘రికార్డు లేదు’. డాట్ ఇన్‌వాలిడ్‌తో (ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టిన టీఎల్‌డీతో) ఏది అడిగినా ‘తెలియదు’, కారణంతో.

మిగిలిన పని: బూట్‌స్ట్రాప్ ఫైల్‌లో లేని దేశాల టీఎల్‌డీలు. ప్రస్తుతానికి వాటికి ‘తెలియదు, సర్వర్ చిరునామా లేదు’ అనే వెళ్తోంది.