నిహిలిస్ట్ డెమోల పునర్విడుదల: చెరపకూడని గరుకుదనం

స్వీడన్‌లో డెత్ మెటల్ అనే అతి బరువైన, గరుకైన రాక్ సంగీత శైలి చరిత్రను చెప్పేవారు చాలామంది 1990లో ఎంటూమ్డ్ బృందం విడుదల చేసిన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ ఆల్బమ్‌తో మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ చరిత్ర అంతకు రెండేళ్ల ముందే, స్టాక్‌హోమ్‌లో పదహారేళ్లకు అటూ ఇటూ వయసున్న కుర్రాళ్లు నిహిలిస్ట్ అనే పేరుతో చేసిన డెమో కాసెట్లలో, అంటే ఆల్బమ్‌కు ముందు నమూనాగా రికార్డు చేసిన టేపుల్లో, మొదలయింది. వీరిలో చాలామందే తర్వాత ఎంటూమ్డ్ అయ్యారు. 1988 నాటి ‘ప్రీమెచ్యూర్ ఆటాప్సీ’, ఆ తర్వాత వచ్చిన ‘ఓన్లీ ష్రెడ్స్ రిమెయిన్’, 1989 నాటి ‘డ్రౌన్డ్’ అనే ఆ మూడు డెమోలూ 2005లో త్రీమ్యాన్ రికార్డింగ్స్ ద్వారా ఒకే సంకలనంగా వెలువడ్డాయి. డెమోలను ఎందుకు, ఎలా మళ్లీ విడుదల చేయాలన్న ప్రశ్నకు ఆ సంకలనాన్ని వరుసగా వినడమే సరైన సమాధానమని నేను నమ్ముతాను.

మొదటి డెమోలో వేగం ఉంది, కసి ఉంది, కానీ గిటార్ ధ్వనిలో థ్రాష్ అనే అంతకు ముందరి వేగవంతమైన మెటల్ శైలి ఛాయలు ఇంకా పోలేదు. రెండవ డెమోను టోమాస్ స్కోగ్స్‌బెర్గ్ నడిపిన సన్‌లైట్ స్టూడియోలో రికార్డు చేశారు. తర్వాత ప్రపంచమంతా స్టాక్‌హోమ్ ధ్వనిగా గుర్తించిన ఆ రంపపు కోతలాంటి గిటార్ మోత అక్కడే వినిపిస్తుంది. దాని వెనుక ఉన్నది బాస్ కంపెనీ తయారుచేసిన హెచ్‌ఎం-2 అనే డిస్టార్షన్ పెడల్, అంటే గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే, కాలితో నొక్కే చిన్న పరికరం. దానికున్న 4 నాబులనూ చివరిదాకా తిప్పి వాయించే పద్ధతికి ఆద్యుడిగా గిటారిస్టు లీఫ్ కుజ్నర్‌ను ఆనాటి సహచరులు చెబుతారు. అతడు కుటుంబంతో కెనడాకు వెళ్లిపోయాడు, తొలి ఆల్బమ్ నాటికి బృందంలో లేడు, 2006లో మరణించాడు. కనుక ఆ ధ్వనిని కనిపెట్టినవాడి చేతి వాయిద్యం వినాలంటే ఆల్బమ్ సరిపోదు, డెమోలే దిక్కు. వాటిని అభిమానుల సరదాకు వేసిన అదనపు సరుకుగా చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

1989లో నిహిలిస్ట్ విడిపోయి, బేసిస్టు జానీ హెడ్‌లుండ్ మినహా మిగిలినవారు కొద్ది రోజుల్లోనే ఎంటూమ్డ్‌గా మళ్లీ కలిశారు. హెడ్‌లుండ్ అన్‌లీష్డ్ అనే వేరే బృందాన్ని స్థాపించాడు.

ఇక పునర్విడుదల చేసేవారి పని గురించి. ఈ సంగీతం ఉత్తరాల ద్వారా, టేపుల మార్పిడి ద్వారా దేశదేశాలకు చేరింది. కాపీ నుంచి కాపీ తీసిన ప్రతిసారీ సుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, పై శ్రుతులు మసకబారుతాయి. ఖాళీ కాసెట్ ఇచ్చి అంగడిలో పాటలు ఎక్కించుకున్న మన తరానికి ఇది వివరించనక్కరలేదు. అందువల్ల మొదటి బాధ్యత అసలు టేపును, అది దొరకకపోతే దానికి అత్యంత సమీపమైన కాపీని వెతకడం. తర్వాత, రికార్డు చేసిన యంత్రపు హెడ్ (టేపుకు ఆనుకుని ధ్వనిని రాసే, చదివే భాగం) ఏ కోణంలో ఉండేదో అదే కోణానికి ప్లేయర్ హెడ్‌ను సరిచేయాలి, లేకపోతే పై శ్రుతులు టేపులో ఉండి కూడా బయటికి రావు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల ప్రమాణ వేగం నుంచి యంత్రం కాస్త తప్పినా పాట శ్రుతి మారిపోతుంది కాబట్టి దానినీ సరిచూడాలి. ఇంతవరకు చేసే ప్రతి దిద్దుబాటునూ నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

నా అభ్యంతరమంతా ఆ పైన జరిగేదాని మీద. సుస్సుమనే చప్పుడు, డ్రమ్స్‌తోపాటు ఉండే సింబల్స్ అనే లోహపు పళ్లేలు మోగి అణగారే చివరి తునక దాదాపు ఒకే శ్రుతి ప్రాంతంలో ఉంటాయి. మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిచేస్తే రెండవది కూడా దానితోపాటే పోయి, బృందపు డ్రమ్మర్ నికె ఆండర్సన్ డ్రమ్స్ నీళ్లలో మోగినట్టు వినిపిస్తాయి. నేటి ఆల్బమ్‌లతో సమానంగా బిగ్గరగా ఉండాలని పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను కుదించి నొక్కితే, పాట మధ్యలో గిటార్ ఒంటరిగా మిగిలి, వెంటనే బృందమంతా మీదపడే ఆ క్షణపు బలం చచ్చిపోతుంది. ‘రెవెల్ ఇన్ ఫ్లెష్’ పాట డెమోలోనూ ఉంది, తొలి ఆల్బమ్‌లోనూ ఉంది. నిండుగా, బరువుగా వినాలనుకునేవారికి ఆల్బమ్ రూపం ఉండనే ఉంది. డెమోను దానిలా మార్చడం వల్ల ఎవరికీ కొత్తగా ఒరిగేదేమీ లేదు.

హెచ్‌ఎం-2 తయారీ 1991లో ఆగిపోయింది. ఆ ధ్వని కోసం సంగీతకారులు పాత పెడళ్లను వెతుక్కుంటూనే ఉండగా, 2021లో బాస్ దానిని కొత్త రూపంలో మళ్లీ తెచ్చింది. బృందపు గాయకుడు ఎల్.జి. పెట్రోవ్ అదే సంవత్సరం మార్చిలో కన్నుమూశాడు. అడిగి తెలుసుకోదగినవారు ఇలా తగ్గిపోతున్న కాలంలో, పునర్విడుదలతో ఇచ్చే పుస్తకంలో ఏ డెమోలో ఎవరు ఏమి వాయించారో, ఏ టేపు నుంచి తీసుకున్నారో, అది ఎన్నవ కాపీయో, దాని మీద ఏమేమి దిద్దారో స్పష్టంగా అచ్చువేయాలని నేను కోరుతున్నాను.