మగ్గం వర్క్ నేర్పుదామని వెళ్తే కాలర్ నేర్పమన్నారు

టాంజానియాలో షిన్యాంగ వైపు ఒక పల్లెలో మూడు నెలలుండి ఆడవాళ్ళకి కుట్టు నేర్పి వచ్చాను, రాయాలి రాయాలి అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి. మేమూ అలా వెళ్దామనుకుంటున్నాం, ఏం తీసుకెళ్ళాలి అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇవాళ కూర్చున్నా.

నేను పట్టుకెళ్ళింది మగ్గం వర్క్ సామాను. ఆరి సూదులు, పూసలు, జరీ, రింగులు, బ్యాగు నిండా అవే. వాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశారు, బావుందన్నారు. తర్వాత ఒకావిడ, ముగ్గురు పిల్లల తల్లి, సంచిలోంచి నలిగిన తెల్ల చొక్కా తీసి కాలర్ మీద వేలు పెట్టి చూపించింది, ఇది నేర్పు అని.

ఎందుకో నాకు తెలియడానికి వారం పట్టింది. అక్కడ 2016 నుంచి గవర్నమెంట్ స్కూళ్ళలో ఫీజు లేదు, కానీ యూనిఫాం తల్లిదండ్రులే కొనాలి, జనవరిలో స్కూళ్ళు తెరుస్తారు కాబట్టి అంతకుముందు నెలంతా గిరాకీ. మామూలు బట్టలైతే కుట్టి బతకడం కష్టం, ఎందుకంటే బయటి దేశాల నుంచి మూటలు మూటలుగా పాత బట్టలొస్తాయి, మితుంబా అంటారు, ఆ రేటుకి ఏ టైలరూ కుట్టలేడు. తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో వాటిని మెల్లగా ఆపేద్దామనుకున్నాయి, అమెరికా వ్యాపార రాయితీలు తీసేస్తాననేసరికి రువాండా తప్ప మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. ఊరి చుట్టూ పత్తి చేలే, ఆ పత్తేమో ఎక్కువ భాగం దూదిగానే దేశం దాటిపోతుంది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇన్నిట్లో టైలర్ చేతికి మిగిలిన పని యూనిఫాం, అందులో వాళ్ళకి రానిది కాలర్.

మొదటి రోజే పెద్ద పొరపాటు చేశాను. క్లాసు "సా న్నే"కి అన్నారు, సా అంటే గంట, న్నే అంటే నాలుగని నాకు తెలుసు, సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, మన ఏడు వాళ్ళకి ఒకటి, అంటే వాళ్ళు చెప్పింది పొద్దున పదింటికి. పొలం పని మానుకుని పసిపిల్లల్ని వీపున కట్టుకుని వచ్చినవాళ్ళు అంతసేపు కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాటనలేదు, అదే ఇంకా బాధనిపించింది.

కాలర్‌లో కష్టమంతా మొనలోనే. లోపల బక్రం, అంటే కాలర్ గట్టిగా నిలబడ్డానికి వేసే గుడ్డ, పెట్టి కుట్టుకుంటూ మూల దాకా వచ్చాక ఒక్కసారే పూర్తిగా తిప్పకూడదు, సూది గుడ్డలో దిగి ఉండగానే సగం తిప్పి, మూలకి అడ్డంగా ఒక్క కుట్టు వేసి, మళ్ళీ సూది దిగి ఉండగానే మిగతా సగం తిప్పాలి, బయట మిగిలిన గుడ్డని కుట్టు తెగకుండా దగ్గరగా కత్తిరించాలి, అప్పుడే తిరగేస్తే మొన సూటిగా వస్తుంది. పేపర్ కటింగ్‌కి సిమెంటు బస్తాల కాగితం వాడాం, గట్టిగా ఉంటుంది, పది చొక్కాలకి వచ్చింది. కుట్టుమిషన్‌ని అక్కడ చెరెహాని అంటారు, అన్నీ కాలితో తొక్కేవే, సగం వాటికి కింది దారం ముడిపడిపోయేది, కింది దారం తిరిగే షటిల్ విప్పి చూస్తే లోపల ఏళ్ళనాటి దారం పీచు.

ఆ రిపేరు నేను వాళ్ళకి నేర్పలేదు. ఊళ్ళో ఒక ఫుండి ఉన్నాడు, పనితనం తెలిసినవాణ్ణి అలా పిలుస్తారు, పెద్దాయన, "షికమో" అని దణ్ణం పెట్టినట్టు పలకరించి ఆయన్నే క్లాసుకి పిలిచాను. నేను మూడు నెలలకి వెళ్ళిపోయేదాన్ని, ఆయన అక్కడే ఉంటాడు కదా. వెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే, ఆ ఊళ్ళో ఆల్రెడీ ఆ పనితో బతికేవాళ్ళెవరో కనుక్కోండి, వాళ్ళని పక్కన పెట్టి మీరొక్కరే ఫ్రీగా నేర్పితే వాళ్ళ నోటి దగ్గర కూడు తీసినట్టే. ఇంకోటి, టూరిస్ట్ వీసా మీద వెళ్ళి ఇలాంటి పని చేయకూడదు, వలంటీర్లకి క్లాస్ సి పర్మిట్ ఉంటుంది, అది తీసుకోండి. సామాను ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో సర్దకండి, 2019 జూన్ నుంచి అక్కడ బ్యాన్. గుడ్డ సంచుల్లో సూదులు, బాబిన్లు, మిషన్ ఆయిల్ పట్టుకెళ్ళండి.

చొక్కా చూపించినావిడ తొమ్మిదో ప్రయత్నానికి రెండు మొనలూ సమానంగా తీసింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడి చేసి మడతపెట్టింది, అమ్ముతుందేమో అనుకున్నా. మర్నాడు ఆవిడ పెద్దకొడుకు అదే చొక్కా వేసుకుని, మెడ దగ్గర సుద్ద గీత ఇంకా పోకుండానే, బడికి పోతూ కనిపించాడు.