తొమ్మిదో క్లాస్ డబ్బాలు

దుబాయ్ కార్గో షెడ్డులో నా పని చూడ్డానికి చిన్నదే. కాగితం మీద రాసిందీ, డబ్బాలో ఉన్నదీ ఒకటేనా అని చూడాలి. లిథియం బ్యాటరీలైతే నల్ల చారలు, కింద 9 అంకె ఉన్న స్టిక్కర్ ఉండాలి. తొమ్మిదో క్లాస్ ప్రమాదకర సరుకని దానర్థం. ఏ పరికరంతోనూ కాకుండా విడిగా వచ్చే లిథియం అయాన్ బ్యాటరీలైతే, పవర్ బ్యాంకులూ ఆ లెక్కే, ‘కార్గో విమానంలోనే’ అనే నారింజ రంగు లేబుల్ కూడా ఉండాలి. చార్జింగ్ 30 శాతం దాటకూడదు. 2016 ఏప్రిల్ నుంచి ఆ విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో సరుకుగా వేయనివ్వడం లేదు.

ఒక రాత్రి డ్యూటీలో ఏజెంటు తరఫున జగిత్యాల కుర్రాడొకడు పన్నెండు డబ్బాలు తెచ్చాడు. కాగితంలో ‘మొబైల్ కవర్లు’ అని ఉంది. ఒకటి ఎత్తితే నడుము పట్టేసింది. కవర్లకు అంత బరువెక్కడిది? తెరిపిస్తే అన్నీ పవర్ బ్యాంకులు. ఒకదాని బటన్ నొక్కాను. నాలుగు లైట్లూ వెలిగాయి. ఫుల్ చార్జింగ్!

“అన్నా, మనం మనం ఒక్క దిక్కోళ్లం. ఈ ఒక్కసారికి పోనియ్యి. ఫ్లైట్ మిస్సయితే నా జీతంల కోస్తరు.”

“కోస్తే కోస్తరు తమ్మీ. అండ్ల కూసునేటోళ్లకు పిల్లలున్నరు” అన్నాను. కోపంగానే అన్నాను. వాడి జీతం ఎంతో నాకు తెలుసు, అందుకే ఇంకా కోపం.

2010 సెప్టెంబర్ 3 సంగతి మా షెడ్డులో పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇక్కణ్నుంచి జర్మనీలోని కొలోన్‌కు బయల్దేరిన యూపీఎస్ అనే కొరియర్ కంపెనీ 747 కార్గో విమానంలో, లేచిన ఇరవై రెండు నిమిషాలకు ఫైర్ బెల్ మోగింది. దోహా దగ్గర్లోనే ఉన్నా, వాళ్లు దుబాయ్‌కే వెనక్కి తిరిగారు. కాక్‌పిట్ నిండా పొగ, మీటర్లు కనపడవు, రేడియో మార్చుకోవడానికీ లేదు. బెల్ మోగిన అరగంటలోపే దుబాయ్‌లోని నాద్ అల్ షెబా దగ్గర విమానం కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ పోయారు. ప్రమాదకర సరుకని రాయాల్సిన బ్యాటరీల కన్‌సైన్‌మెంట్లు కనీసం మూడు, ఆ మాట రాయకుండానే అందులోకి ఎక్కాయని దర్యాప్తులో తేలింది.

ఆ విమానంలో సరుకు వేసే ప్రధాన అంతస్తులో మంటలార్పే గ్యాస్ ఉండదు. గాలి తగ్గించి మంటకు ఊపిరాడకుండా చేయడమే ఉపాయం. లిథియం సెల్ ఒకటి వేడెక్కిందంటే పక్కదాన్ని కూడా అంటిస్తుంది, ఈ ఉపాయానికి లొంగదు. చేరువలో రెండు ఎయిర్‌పోర్టులున్నా గతి అదైతే, నడిసముద్రం మీద ఏం చేస్తారు? 1987లో మారిషస్ చేరాల్సిన సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ వాళ్ల ‘హెల్డర్‌బర్గ్’ అనే ప్రయాణికుల విమానం వెనక భాగంలోని సరుకు అంటుకుంది. 159 మందిలో ఒక్కరూ బతకలేదు. నిప్పు ఎలా పుట్టిందో ఇప్పటికీ తేలలేదు.

జగిత్యాల కుర్రాడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

మొన్న ఊరికి బయల్దేరుతూ తాడు బిగించే ముందు నా కార్టన్ మళ్లీ ఒకసారి విప్పాను. ఇంట్లో ఇవ్వమని రూమ్మేటు పెట్టిన టవల్ మడతల్లో గట్టిగా ఏదో తగిలింది. రెండు పవర్ బ్యాంకులు. తీసి చేతి సంచిలో వేసుకున్నాను. వాడు తల గోక్కుంటూ, “నువ్వు ఇంట్లో కూడా డ్యూటీయేనా అన్నా” అన్నాడు.