నాన్న నావకు మళ్లీ తెరచాప

ఫైబర్ బోట్లు వచ్చాక మా కళింగపట్నంలో కొయ్య నావలు ఒక్కొక్కటే ఒడ్డు పట్టాయి. నాన్నది 18 అడుగుల నావ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పక్క బల్లలు రెండు విరిగాక, సరుగుడు తోట దగ్గర బోర్లించి వదిలేశాం. పోయినేడాది దాన్ని బాగుచేసి, వేటకు కాదు, వంశధార నది సముద్రంలో కలిసే మొగలో సాయంత్రాలు తెరచాపతో తిరగాలనుకున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మావయ్యకు తీరిక. పాత ఇనుప మేకు ఒకటి పీకితే దాని చుట్టూ చెక్క నల్లబడి, వేలితో గీస్తే పొడి రాలింది. తుప్పు చెక్కనూ తినేస్తుంది. కుళ్లిన బల్లలు తీసేసి, రాగి మేకులతో కొత్తవి బిగించాం.

ఇక నా తప్పు. బల్లల సందులు వేలు పట్టేంత విచ్చుకున్నాయి. షాపులో ఇచ్చిన గట్టి మందు కూరేశాను. మావయ్య చెబుతూనే ఉన్నాడు: "ఎండిన నావకి గట్టి మందెట్టకు బాబూ. నీళ్లు తాగితే బల్ల ఉబ్బుతాది, దానికి చోటుండాల." నేను వినలేదు. మొగలో దించిన మూడో రోజుకి బల్లలు ఉబ్బి, చోటు లేక మేకుల్ని తోసేశాయి. నావ సగం దాకా నీళ్లు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మందంతా ఉలితో గోకి తీయడానికే మూడు వారాలు పట్టింది. ఈసారి నూలు పేని, గుగ్గిలం నూనెలో కాచి, అందులో ముంచి సందుల్లో వదులుగా దోపాం. తర్వాత నావ లోపల తడి గోనెసంచులు పరిచి, పది రోజులు పొద్దున్నా సాయంత్రం నీళ్లు చల్లాను. సందులు వాటంతటవే దగ్గరపడటం కళ్లారా చూశాను. కొయ్య నావ బాగుచేసేవాళ్లు దయచేసి ఈ పది రోజులూ ఓపిక పట్టండి.

స్తంభానికి సరుగుడు గెడ దొరికింది. తెరచాప మాత్రం మొదట తిన్నగా కత్తిరించిన గుడ్డతో కుట్టించాను, ఎదురుగాలికి అది లాగలేదు. అంచుల్ని కాస్త వంపుగా కోసి మళ్లీ కుట్టిస్తే, గాలికి పొట్ట వచ్చి నిండింది. అడుగు చదునుగా ఉండటంతో నావ పక్కకి జారిపోయేది. జారకుండా నీళ్లలోకి పలక దింపాలి, దానికి అడుగున కన్నం పెడితే మళ్లీ కారుతుందని భయం. తెప్పల వాళ్లు పక్కన దింపుకునే పలకలాంటిదే మావయ్య చేసి కట్టాడు. ఇంజిన్ బరువు పోయింది కాబట్టి, అడుగున నాలుగు ఇసుక బస్తాలు వేశాం.

జనవరిలో ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే దించాం. పలక నీళ్లలోకి దిగింది, నావ ఒరిగి నిలబడి గాలికి ఏటవాలుగా ముందుకు కదిలింది. ఇంజిన్ చప్పుడు లేదు, బల్లల కింద నీళ్ల గలగల ఒక్కటే. మావయ్య చుక్కాని పట్టుకుని, లైట్‌హౌస్ కనబడేదాకా నాకివ్వలేదు.