పోర్చుగీసుకు లిస్బన్ పుట్టిల్లు కాదు

పోర్చుగీసు అనగానే చాలామందికి లిస్బన్ గుర్తుకు వస్తుంది గాని, ఆ భాష పుట్టింది అక్కడ కాదు. ఐబీరియా ద్వీపకల్పానికి రోమన్ సైనికులతో, వలసదారులతో వచ్చిన వాడుక లాటిన్, దాని వాయవ్య మూలన, నేటి స్పెయిన్‌లోని గలీసియాలోనూ పోర్చుగల్ ఉత్తర భాగంలోనూ క్రమంగా మారి గలీసియన్-పోర్చుగీసుగా రూపొందింది. అచ్చుల నడుమ ఉన్న లకార నకారాలను జారవిడవడం దాని ముఖ్య లక్షణం. చంద్రుణ్ణి తెలిపే లాటిన్ ‘లూనా’ స్పానిష్‌లో అలాగే నిలవగా ఇక్కడ ‘లూవా’ అయింది; నొప్పిని తెలిపే ‘డొలోర్’ ‘దోర్’గా కుదించుకుపోయింది.

1143లో పోర్చుగల్ ప్రత్యేక రాజ్యంగా గుర్తింపు పొందగా, గలీసియా లియోన్, కాస్టిల్ రాజుల ఏలుబడిలో మిగిలిపోయింది. అయినా కవులకు ఆ సరిహద్దు చాలాకాలం అడ్డు కాలేదు. కాస్టిల్ రాజు పదవ అల్ఫోన్సో సైతం మేరీమాత కీర్తనలను ఈ భాషలోనే కూర్పించాడు. పోర్చుగల్ రాజు రెండవ అఫోన్సో వీలునామా 1214లోనే ఈ భాషలో వెలువడింది. 1279 నుంచి 1325 వరకు పాలించిన దినీష్ కాలంలో రాజపత్రాలలోనూ లాటిన్ స్థానాన్ని ఇదే ఆక్రమించింది. ముస్లిం పాలకులైన మూరుల నుంచి గెలుచుకున్న దక్షిణ ప్రాంతాలకు రాజ్యంతోపాటే భాష కూడా దిగివచ్చింది.

అందుచేత లిస్బన్ పలుకుబడే అసలైనదని, బ్రెజిల్ వాడుక దాని చెడిన రూపమని అనడాన్ని నేను ఒప్పుకోలేను. ఊనిక లేని అచ్చులను దాదాపు మింగివేసే నేటి లిస్బన్ ఉచ్చారణ తరువాతి కాలపు మార్పు. బ్రెజిల్ వారు ఆ అచ్చులను ఇప్పటికీ స్పష్టంగా పలుకుతారు. ‘మాట్లాడుతున్నాను’ అనడానికి బ్రెజిల్‌లో వాడే ‘ఎస్తో ఫలాందు’ అనే నిర్మాణమే పాతది. లిస్బన్‌లో వినిపించే ‘ష్తో అ ఫలార్’ దాని తరువాత బలపడింది. అలాగని బ్రెజిల్ అంతటా పాతదనమే ఉందనీ కాదు: అక్కడ చాలా ప్రాంతాలలో ‘తి’ ‘చి’గా, ‘ది’ ‘జి’గా మారిపోయాయి. అక్కడి ఆదివాసుల తుపీ భాష మూలమైన ‘లింగ్వా జెరాల్’ అనే ఉమ్మడి వాడుకభాష అక్కడ చాలాకాలం చలామణిలో ఉండేది. 18వ శతాబ్దం నడుమ పోర్చుగల్ ముఖ్యమంత్రి మార్క్విస్ ఆఫ్ పొంబాల్ ప్రభుత్వం దానిని అణచి పోర్చుగీసును తప్పనిసరి చేసింది.

ఆఫ్రికాలో అంగోలా, మొజాంబిక్ నగరాలలో ఇది ఎందరో పిల్లలకు తల్లిభాష. కేప్ వెర్దె, గినీ బిస్సావులలో పోర్చుగీసు మూలంగా క్రియోల్ భాషలు, అంటే స్థానిక భాషలతో కలిసి ఏర్పడిన మిశ్రమ భాషలు, పుట్టాయి. అటువంటిదే మన దేశంలోనూ ఒకటి ఉంది. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, చౌల్ సమీపాన ఉన్న కొర్లయి గ్రామంలో, 18వ శతాబ్దంలో మరాఠాల చేతిలో ఓడి పోర్చుగీసువారు వెళ్లిపోయిన తరువాత కూడా కాథలిక్ కుటుంబాలు ఆ క్రియోల్‌ను విడిచిపెట్టలేదు. పదాలు చాలావరకు పోర్చుగీసువే అయినా, చుట్టూ ఉన్న మరాఠీ ప్రభావం వల్ల వారి వాక్యంలో క్రియ మన తెలుగులో వలెనే చివరకు చేరింది.