అరిగిన గడ్డి

కొత్తగా వేసే గ్రీన్‌వే, అంటే చెట్ల మధ్య నడక దారి, ఎటు పోవాలో మ్యాప్ మీద అందరం పెన్నులతో గీతలు గీస్తుంటే ఒక పెద్దాయన లేచి, "అటు ఎవరూ నడవరండీ, జనం ఇప్పటికే ఇటు నడుస్తున్నారు" అంటూ గడ్డి అరిగిపోయిన వంకర బాటను వేలితో చూపించారు.

మూడు మీటింగుల నుంచి మేం వాదిస్తున్నది ఆ బాటనే మూసేసి పొదలు పెట్టాలని! గీత మార్చాం.

అసలు టెన్షన్ ఆ తర్వాత. గ్రీన్‌వేలో మొక్కలు నాటే రోజు ఫొటోలకు అందరూ వస్తారు, కానీ వేర్లు నిలదొక్కుకునేదాకా, అంటే మొదటి 2, 3 ఏళ్లు, ఎండాకాలంలో నీళ్లు పోసేదెవరు? నీళ్లు పోసేవాళ్లు పేరు రాయండని పంపిన పుస్తకం అందరి చేతులూ తిరిగొస్తే ఏడు పేర్లున్నాయి. ఎండుటాకులు కప్పేటప్పుడు మొదలుకు ఆనించొద్దు, బెరడు కుళ్లుతుందని కూడా ఆ పెద్దాయనే చెప్పారు.

నాకు మంగళవారం పడింది. బకెట్ కొనాలి.